నాన్న రాగి మెషీను

పర్లాకిమిడి స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. మా సందు మలుపు తిరగ్గానే ముక్కుకి తగిలింది ఆ వాసన. కాలిన రాడ్డు పూత, వేడెక్కిన ఇనుము, దాని మీద మాడిన పాత రంగు, అన్నీ కలిసిన కంపు. ఎదురింటి మేడ మీద ఒక కుర్రాడు బాల్కనీకి గ్రిల్ అతుకుతున్నాడు. పక్కన చిన్న సూట్‌కేసంత వెల్డింగ్ మెషీను. ఆటో అబ్బాయి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం అలవాటుగా తల దించేసి, చెవి అటు పడేశాను. చప్పుడు ఎక్కడా తెగకుండా వస్తోంది. చెయ్యి తిరిగినవాడే.

నాన్న పోయి రెండేళ్ళు దాటింది. అమ్మ విశాఖలో నా దగ్గరే ఉంటోంది. ఇల్లు బేరం కుదిరింది కాబట్టి సామాను తేల్చడానికి నేనొక్కదాన్నే వచ్చాను. మంచాలు, బీరువా, ఇత్తడి బిందెలు ఒక్క రోజులో తేలిపోయాయి. మిగిలింది సాల.

సాల అంటే పశువుల సాలే. నాకు ఊహ తెలిసేనాటికి అందులో ఒక గేదె ఉండేది. తాతయ్య పోయాక చూసేవాళ్ళు లేక దాన్ని అమ్మేశారు. ఖాళీ అయిన ఆ చోట్లో నాన్న ఒక బల్ల వేసి, దానికో వైస్ బిగించి, గోడకి హ్యాక్సా, ఆకురాళ్ళు తగిలించాడు. గేదె పోయిన ముప్పై ఏళ్ళకి కూడా "నాన్నెక్కడ?" అంటే "సాలలో ఉన్నాడు" అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టాలు, మాస్టారికి పాడి ఉంది కాబోలనుకుని పాలు అడిగిన సందర్భాలూ ఉన్నాయి.

నాన్న లెక్కల మాస్టారు. వెల్డింగ్ ఆయన వృత్తి కాదు, దాని మీద ఒక్క రూపాయి సంపాదించలేదు. సైకిలు క్యారియర్ విరిగి, లారీ బాడీలు కట్టే షెడ్డుకి తీసుకెళ్ళాడట. అక్కడి మేస్త్రి అర నిమిషంలో అతికేశాడు. నాన్న మాత్రం గంటన్నర అక్కడే నిలబడి, చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. మర్నాడు బడి అవగానే మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ అంతే.

ఆ మేస్త్రి ఒడియా ఆయన. నాన్నని "మాష్ట్రే" అని పిలిచేవాడు. మా ఊళ్ళో ఒక మాట తెలుగులో మొదలై ఒడియాలో పూర్తవుతుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీత అటు పడింది గానీ, మాట ఇటే ఉండిపోయింది. అవతల పాతపట్నం ఆంధ్రా, ఇవతల మేము ఒడిశా. షెడ్డులో వాళ్ళిద్దరూ చెరో భాషలో మాట్లాడుకునేవాళ్ళు. ఎవరూ ఎవరికీ తర్జుమా చేసేవాళ్ళు కాదు.

*

మెషీను వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

అమ్మ గాజుల జత కుదువ పెట్టి, విశాఖలో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర కొన్నాడు నాన్న. పెద్ద రైల్లో నౌపడా దాకా, అక్కడ మా చిన్న రైల్లోకి మార్చి, బ్రేక్ వ్యాన్లో ఎక్కించి తెచ్చాడు. మా రైలంటే రాజావారు వేయించిన రైలు. 1900లో నడక మొదలుపెట్టింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. టెక్కలి, పాతపట్నం మీదుగా ఊగుతూ వచ్చేది. 2004లో ఆపేసి, పెద్ద లైను వేశారు. ఇప్పుడు నేను దిగిన స్టేషనుకి ఆ కూత తెలీదు.

నలుగురు పట్టి దించారు మెషీన్ని. ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె, అడుగున నాలుగు ఇనప చక్రాలు, లోపల నిండా నూనె. ముందు పలక మీద వరసగా బోల్టులు. ఏ బోల్టుకి వైరు బిగిస్తే అంత కరెంటు. సందులో ఈడ్చుకొస్తుంటే చక్రాల చప్పుడుకి అందరూ గుమ్మాల్లోకి వచ్చారు.

"ఏటి మాస్టారూ ఇది? పిండి మరా?" అని అడిగింది పక్కింటి మామ్మ.

"ఎల్డింగు మెషీనండీ. లోపల వైండింగంతా రాగి. అల్యూమినియం కాదు, రాగి!" అన్నాడు నాన్న.

ఆ రోజు కనీసం పదిమందికి చెప్పి ఉంటాడు ఆ మాట. రాగి చుట్టిందైతే వేడికి తట్టుకుంటుంది, జాయింట్లు వదులవవు, ఒక తరం నిలుస్తుంది. అల్యూమినియందైతే చవక. అమ్మకి మాత్రం విడిగా, వంటింట్లో, గొంతు తగ్గించి చెప్పాడు: "ఎప్పుడు అమ్మినా రాగి తూకానికే నీ గాజులు తిరిగొచ్చేస్తాయి." అమ్మ పోపు గరిటె ఆపలేదు.

ఇంట్లోనే ఉండి అమ్మలూ అమ్మలూ అని పిలిపించుకుంటూ తిరిగేదాన్ని కాబట్టి సహాయకురాలి ఉద్యోగం నాకొచ్చింది. ఎర్త్ క్లాంపు పట్టించడం, రాడ్లు అందించడం, సుత్తితో చిట్టు రాలగొట్టడం. వెల్డు మీద నల్లటి పొరలా పేరుకునే ఆ చిట్టుని వాటంగా కొడితే పాము కుబుసంలా మొత్తం ఒక్కసారి లేచి వచ్చేది. కింద వెండిలా మెరిసే గీత. ఆ పని నాకిచ్చిన ఆనందం తర్వాత ఏ ఉద్యోగమూ ఇవ్వలేదు.

"ఓలమ్మా, ఆడగుంటకి ఆ నిప్పుల దగ్గరేటి పని?" అని నాయనమ్మ రోజూ తిట్టేది. నాన్నని తిట్టేది, నన్ను కాదు.

*

నాన్న రాడ్డు గీయగానే సందులో సగం ఇళ్ళలో బల్బులు ఎర్రబడేవి. గీత ఆపితే మళ్ళీ తెల్లగా వెలిగేవి. రాత్రి పూట అయితే మొత్తం వీధి కన్ను కొట్టినట్టుండేది. దానికి తోడు రేడియోలు గరగరమనేవి. ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం కేంద్రం నుంచి నాటకం వచ్చే టైముకే నాన్నకి పని గుర్తొచ్చేది. నాటకంలో భార్య ఏడుస్తూ ఏదో రహస్యం చెప్పబోతుంటే, ఇక్కడ నాన్న రాడ్డు గీసేవాడు. రహస్యం గరగరలో కలిసిపోయేది.

ఒకసారి పక్కింటి మామ్మ, వెనకింటి పోస్టుమాస్టరుగారు, ఇంకో ఇద్దరు కలిసి వచ్చారు. గొడవేమీ జరగలేదు. కూర్చున్నారు, టీ తాగారు. నాన్న బడి టైం టేబుల్లాగే ఒక కాగితం రాసి సాల తలుపుకి అంటించాడు. నాటకం, వార్తలు, పరీక్షల రోజుల్లో సాయంత్రాలు అన్నీ నిషేధం. బదులుగా ఆ నాలుగిళ్ళకీ గేటు గడియలు, నూతి గిలక బిగించే కమ్మీలు, పూలకుండీ స్టాండ్లు చేసిచ్చాడు. పోస్టుమాస్టరుగారి సైకిలుకి నాన్న పెట్టిన స్టాండు ఎంత బరువుగా ఉండేదంటే, దాన్ని వేయడానికి ఆయన పాపం రెండు కాళ్ళూ వాడాల్సి వచ్చేది.

మొదట్లో చేసినవన్నీ అంతే. నిజం చెప్పాలంటే నాన్న రెండేళ్ళపాటు చాలా చెత్తగా వెల్డ్ చేశాడు. రాడ్డు ఇనుముకి అతుక్కుపోయేది, లాగితే పూత రాలిపోయేది. అతుకులు పిట్ట రెట్టలు వేసినట్టుండేవి. మా వీధి గేటు ఆయన మొదటి పెద్ద పని. ఎడమ రెక్క చేసి, దాని మీద విసుగొచ్చి ఆపేసి, మూడేళ్ళ తర్వాత కుడి రెక్క చేశాడు. ఎడమ వైపు గడ్డలు గడ్డలుగా, మధ్యలో చిల్లులతో ఉంటుంది. కుడి వైపు అతుకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన పావలా బిళ్ళల్లా సమంగా ఉంటాయి. తాళం తీయడానికి వెళ్ళి ఈసారి చాలాసేపు ఆ రెండు రెక్కల మధ్యా వేలు పెట్టి తడుముతూ నిలబడ్డాను.

*

అమ్మ సాలలోకి అడుగు పెట్టేది కాదు. కానీ వంటింట్లోంచే చెప్పేసేది. "ఇవాళ గారెలు సరిగ్గా వేగట్లేదు!" అని కేకేసేది. రాడ్డు మొనకీ ఇనుముకీ మధ్య దూరం సరిగ్గా ఉంటే మరిగే నూనెలో పిండి పడ్డట్టు ఒకే ధారగా చిటచిటలాడుతుంది. దూరం పెరిగితే బుస్సుమని, తగ్గితే టక్కుమని ఆగిపోతుంది. ఆవిడకి ఆంపియర్లు తెలీవు, గారెలు తెలుసు. నాన్న బోల్టు మార్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

వానాకాలం రాడ్లు చెమ్మ పట్టేవి. చెమ్మ రాడ్డుతో వేస్తే అతుకు పుచ్చు వంకాయలా లోపలంతా తొలుచుకుపోయినట్టు వస్తుంది. అందుకని రాడ్లని అమ్మ మరమరాల డబ్బాలో పెట్టి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచేది. ఎండ కాసిన రోజున పెరట్లో నులక మంచం మీద ఒకవైపు వడియాలు, ఒకవైపు రాడ్లు.

రాడ్డు చివర 6013 అని అచ్చు ఉండేది. లెక్కల మాస్టారు కదా, ఊరుకుంటాడా. "60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల లాగుడికి తట్టుకుంటుంది. 1 అంటే ఎటు తిప్పి పట్టినా అతుకుతుంది, నేల మీదైనా నెత్తి మీదైనా. చివరి 3ని దాని ముందున్న 1తో కలిపి చదివితే పూత ఏ రకమో తెలుస్తుంది." బడిలో ఇంత సుబోధకంగా చెప్పేవాడని ఆయన శిష్యులెవరూ నాతో అనలేదు.

ఒకసారి బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు, ఈ పనిని తెలుగులో ఏమంటారని అడిగారట. నాన్న చేతులు కట్టుకుని, "విద్యుచ్చాప సంధానమండీ" అన్నాడట. ఇంటికొచ్చి అమ్మకి చెప్పి పడీపడీ నవ్వాడు. "గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరే ఇది. ఇక్కడ నిలబడి ఆ మాటన్నాను, పైనుంచి బెత్తం పుచ్చుకుని చూసుంటారు. ఎల్డింగు అంటే పోయేది."

*

నల్ల అద్దం లేకుండా చూడకూడదన్నది సాలలో మొదటి రూలు. పదేళ్ళ వయసులో రూలు అంటే పది నిమిషాలే. ఒక ఆదివారం నాన్న ఉయ్యాల గొలుసుకి కొక్కెం పెడుతుంటే, ఆ నీలం వెలుగు మధ్యలో ఏముంటుందో చూడాలనిపించింది. చూశాను. బాగుంది. ఇంకోసారి చూశాను. రాత్రి అన్నం తిని పడుకునేదాకా ఏమీ కాలేదు.

అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసి నలిపినట్టు లేచాను. కన్ను తెరవలేను, మూసుకోలేను, నీళ్ళు ధారలు. నాయనమ్మ ఆ వేళప్పుడు బాలింత ఉన్న ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి చనుబాలు తెచ్చి కళ్ళల్లో పోసింది. ఎవరో చెప్పారని పచ్చి బంగాళాదుంప చక్రాలు పెట్టారు. ఇల్లంతా నాన్న మీద పడింది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లారే దాకా తడిగుడ్డ మార్చుతూ, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. మధ్యమధ్యలో ఆయన వేళ్ళు నా నుదురు మీద తగిలేవి, ఎంత కడిగినా పోని ఇనుము వాసన.

పొద్దున డాక్టరుగారు చూసి, పాలూ దుంపలూ ఎందుకు పెట్టారని అందరికీ చీవాట్లు పెట్టారు. ఎండకి చర్మం కమిలినట్టే ఆ వెలుగుకి కంటి పైపొర కమిలిందనీ, చీకటి గదిలో రెండు రోజులుంటే అదే తగ్గిపోతుందనీ చెప్పారు. తగ్గిపోయింది. మూడో రోజు సాయంత్రం నాన్న నాకోసం చిన్న షీల్డు చేసి తెచ్చాడు. మందపాటి అట్ట, దానికి నల్ల అద్దం, పట్టుకోవడానికి మా పాత చీపురు పిడి. అద్దం లోంచి చూస్తే సూర్యుడు పచ్చగా చిన్న గోళీకాయంత కనిపించేవాడు.

*

సంత రోజున కొండల మీంచి సవరలు చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు తెచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన, మాస్టారు డబ్బు తీసుకోడని ఎవరో చెప్పగా, విరిగిన గొడ్డలి పట్టుకుని వచ్చాడు. లారీ కమాను పట్టీ నుంచి కొట్టిన గొడ్డలి అది. నాన్న చాలా శ్రద్ధగా, రెండు వైపులా, అప్పటికి ఆయన వేసినవాటిలోకెల్లా అందమైన అతుకు వేసిచ్చాడు.

మరుసటి సంతకి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. గొడ్డలి రెండు ముక్కలు. తిట్టలేదు, విసుక్కోలేదు. ముక్కలు బల్ల మీద పెట్టి నాన్న మొహంలోకి చూశాడంతే. అతుకు అలాగే ఉంది. దాని పక్కనే, వెంట్రుకవాసి దూరంలో, గాజులా పగిలింది.

నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర కూడా ఆ ముక్కలు తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. కమాను ఉక్కుని ఉన్నపళంగా కాల్చి ఉన్నపళంగా చల్లారనిస్తే అతుకు పక్కన పెళుసెక్కుతుందని మేస్త్రి చెప్పి, తన దగ్గరున్న వేరే రకం రాడ్లు నాలుగు చేతిలో పెట్టాడు. ఈసారి ముందు బొగ్గుల మీద గొడ్డలిని కాచారు, నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరేదాకా. అది చల్లారకుండా అతుకు వేసి, వెంటనే నాయనమ్మ ఊక పొయ్యి బూడిదలో పూడ్చిపెట్టాడు. రాత్రంతా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున నేనే బూడిద తోడాను. ఇంకా గోరువెచ్చగా ఉంది, నిద్రపోయే పిల్లి ఒంటిలా.

ఆ గొడ్డలి మళ్ళీ రాలేదు. పెద్దాయన మాత్రం ఏటా పనసకాయల కాలంలో వచ్చి, గుమ్మంలో ఒక కాయ పెట్టి వెళ్ళేవాడు.

*

ఆ తర్వాతి ఏడాదో ఆ పై ఏడాదో, ఎండాకాలం సెలవుల్లో మెషీను మొరాయించింది. నాన్న రెండు రోజులు సాల తలుపు వేసుకుని ఉన్నాడు. నన్ను కూడా రానివ్వలేదు. ఏం చేస్తున్నావని అడిగితే "నూనె మారుస్తున్నా" అన్నాడు. మూడో రోజు మెషీను పని చేసింది. నాన్న కొంచెం నీరసంగా కనిపించాడు గానీ, ఆ సాయంత్రమే మెషీను చూడడానికి వచ్చిన తోటి మాస్టారుతో "లోపలంతా రాగేనండీ" అంటుంటే విన్నాను. ఎప్పటికంటే కొంచెం గట్టిగానే అన్నాడు.

నాకు పెళ్ళయింది, విశాఖ వచ్చేశాను. నాన్న రిటైరయ్యాడు. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక రాడ్డు పట్టడం తగ్గించాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని అల్లకల్లోలం చేసి వెళ్ళింది. రెండు రోజులు ఫోన్లు కలవలేదు. మూడో రోజు కలిసింది. అమ్మ ఏడుస్తూ చెట్లన్నీ పోయాయని చెప్పింది. నాన్న ఫోన్ తీసుకుని, "సాల రేకులు ఎగిరిపోయాయి అమ్మలూ. ఫ్రేము మాత్రం కదల్లేదు" అన్నాడు. ఊరు గురించి అడుగుదామనుకున్నాను. "ఒక్క అతుకు కూడా విడలేదు" అని మళ్ళీ అన్నాడు.

*

పాతినుము కొనే అతను తక్కెడ తెచ్చుకుని పొద్దున్నే వచ్చాడు. బల్ల, వైస్, కోణాలు, పట్టీలు తూచేశాడు. మెషీను దగ్గరికొచ్చి, "లోపల ఏటుందమ్మా? రాగైతే ఒక రేటు, కాకపోతే ఒక రేటు" అన్నాడు.

"రాగే. చూసుకోండి" అన్నాను, గొప్పగా.

నూనె వంచేశాడు. నల్లగా, చిక్కగా, మాడిన వాసనతో బకెట్టున్నర వచ్చింది. మూత బోల్టులు విప్పి, కాయిల్‌ని పైకి లాగి, పైన చుట్టిన కాగితాన్ని చాకుతో గీశాడు. తెల్లగా మెరిసింది. ఇంకో చోట గీశాడు. అక్కడా తెలుపే.

"అల్యూమినియమమ్మా. మొత్తం."

నమ్మలేక వంగి చూశాను. అప్పుడు కనిపించింది. ఒక వైరు కొస దగ్గర ఎవరో జాయింటు విప్పి, కొత్త లగ్గు వేసి, మళ్ళీ బిగించి, దాని మీద నాడా చుట్టి ముడేశారు. నూనెలో నాని గోధుమరంగుకి తిరిగినా ఆ నాడా ఏంటో గుర్తుపట్టాను. జవాబు పత్రాల కట్టకి కట్టే ట్యాగు. కరెంటుకి తగలకుండా కొసల్లో ఉండే రేకు ముక్కలు జాగ్రత్తగా కత్తిరించేసి ఉన్నాయి. ముడి రెండు సార్లు కుడికి, ఒకసారి ఎడమకి. పరీక్షల రోజుల్లో మా ఇంట్లో కట్టలు కట్టలుగా కనిపించిన ముడి.

రాగి ధరలో మూడో వంతు కూడా రాదన్నాడు. తూకం వేసి డబ్బులు చేతిలో పెట్టాడు. ఆ ట్యాగు ముక్క మాత్రం విప్పి ఇమ్మన్నాను. అతను వింతగా చూసి, కోసి ఇచ్చాడు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"మెషీను తీసుకెళ్ళాడా?"

"తీసుకెళ్ళాడమ్మా."

"రాగి కదా, బాగానే వచ్చుంటుంది. గాజుల ఖరీదు వచ్చిందా?"

ఎదురింటి మేడ మీద కుర్రాడు ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. గారెలు బాగా వేగుతున్నాయి.

"వచ్చిందమ్మా" అన్నాను. "ఇంకా కొంచెం ఎక్కువే వచ్చింది."